నా నడకకి తొమ్మిది టేకులు

సినిమావాళ్ల ఇంట్లో ఎవరికీ జబ్బు చెయ్యకూడదు. చేసినా, ఆ జబ్బు దగ్గరికి కెమెరాని రానివ్వకూడదు. ఇది ఊరికే నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదు, నా కుడికాలు సాక్షిగా అంటున్నాను.

మా ఆయన ఫిల్మ్ ఎడిటరు. మద్రాసులో పదిహేనేళ్లు పనిచేసి, పరిశ్రమంతా హైదరాబాదు తరలిపోతోందని, ఎనభైల చివర్లో నన్నూ సామాన్లనీ ఒకే లారీలో వేసుకుని ఫిల్మ్ నగర్ వచ్చిపడ్డారు. అప్పట్లో అక్కడ ఇళ్లకంటే బండరాళ్లు ఎక్కువ. కుళాయిలో నీళ్లు వచ్చినరోజు పండగ, రానిరోజు ట్యాంకరు. మా ఇల్లు ఒక గుట్ట మీద, గేటు దగ్గర్నుంచి రోడ్డు దాకా దిగుడే దిగుడు. నేను షేక్‌పేట దగ్గర ఒక బడిలో లెక్కల టీచరుగా చేరాను. రోజూ ఆ వాలు దిగి ఆటో పట్టుకుని వెళ్లి, సాయంత్రం మళ్లీ ఎక్కి వచ్చేదాన్ని. ఒకరోజు ట్యాంకరు నీళ్లు బిందెతో మోస్తుంటే నడుములో ఏదో పటుక్కుమంది. ఇంకేముంది, డిస్కు జారిందన్నారు, నరం మీద కూర్చుందన్నారు, ఆపరేషన్ చేస్తే నెల తిరక్కుండా బడికి వెళ్లొచ్చన్నారు.

చేశారు. నడుము నొప్పి పోయింది. దాంతోపాటు పాదం కూడా పోయింది.

పోయిందంటే, ఉంది, చూడ్డానికి లక్షణంగానే ఉంది. కానీ పైకి లేవదు. నేల మీద పెట్టిన పాదం ముందుభాగం ఎత్తాలంటే నా వల్ల కాదు, ఈడ్చుకుంటూ పోవడమే. పిక్క దగ్గర్నుంచి కారం రాసినట్టు మంట. ఆ మంట కింద మాత్రం మొద్దు. వంటింట్లోంచి హాల్లోకి వచ్చి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉండేది, రెండోది ఎక్కడో దారిలో జారిపోయి ఉండేది. జారినట్టు నాకు తెలిస్తే కదా.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారు నరం వాచిందమ్మా, సర్దుకుంటుంది అన్నారు. నెల తరవాత వెళితే అదే మాట. మూడు నెలలకీ అదే మాట. మా బడిలో ఎక్కం రాని పిల్లాడు కూడా ఒకే తప్పు జవాబు అన్నిసార్లు చెప్పడు. ఇక సలహాలు చెప్పేవాళ్లకి కొదవా? ఒక నిర్మాతగారు మా గుమ్మం దిక్కు మార్చమన్నారు. ఆయన భార్య కేరళ నుంచి నూనె తెప్పించారు. పాత్రలు రాని ఒక నటుడుగారు రోజూ వచ్చి మనసులో గట్టిగా అనుకుంటే చాలమ్మా అని చెప్పి, టిఫిను తిని వెళ్లేవారు. అనుకోలేదా మరి? పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే అనుకునేదాన్ని.

ఆరు నెలలు గడిచాక, ఇక ఆగలేక, బంజారా హిల్స్‌లో ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రే ఫిల్ములన్నీ దీపం ముందు పెట్టి చూసి, నా పాదాన్ని గిల్లి చూశారు. మొదటిసారి ఒక డాక్టరు నాతో వంకరటింకర లేకుండా మాట్లాడారు. లోపల నరాన్ని ఏదో ఇంకా నొక్కుతోంది, రెండోసారి తెరవాలి, అంత పని నా చేతిలో లేదు అన్నారు. ఇలా చెడిపోయిన వెన్నెముక ఆపరేషన్లనే సరిచేసే ఆయన ఒకరు లండన్లో ఉన్నారట, ఆయనకి ఉత్తరం రాసిస్తానన్నారు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండమ్మా. నరం ఏడాదిపాటు నలిగితే ఇక ఎవరొచ్చినా ఆ పాదం లేవదు. ఆరు నెలలు అయిపోయింది."

ఇంటికొచ్చి కేలెండరు తీసి, ఏడాది నిండే తేదీ చుట్టూ ఎర్రసిరాతో గీత గీశాను. లెక్కల టీచర్ని కదా, రోజులు తీసివేసుకుంటూ కూర్చున్నాను.

లండన్ నుంచి జవాబు మూడు వారాలకి వచ్చింది. రిపోర్టులూ ఎక్స్‌రేలూ పంపమన్నారు. వాటితోపాటు నేను నడుస్తుంటే వీడియో తీసి పంపమన్నారు. చెప్పులు లేకుండా, పాదాలు కనబడేట్టు, ఎవర్నీ దేన్నీ పట్టుకోకుండా, ముందునుంచీ వెనకనుంచీ పక్కనుంచీ. అది చూశాక రమ్మనాలో వద్దో చెబుతారట, ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారట.

ఉత్తరం చదివి మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆపరేషన్ దగ్గర్నుంచి ఆ మనిషి ఇంట్లో ఏం చెయ్యాలో తెలియక గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతున్నారు. మందుల పేర్లు తెలియవు, కాపడం పెట్టమంటే చెయ్యి కాల్చుకుంటారు. ఇదిగో, ఇన్నాళ్లకి తనకి చేతనైన పని ఒకటి దొరికింది.

పెళ్లిళ్లకి వీడియో తీసేవాణ్ని పిలిస్తే పది నిమిషాల పని అన్నాను. వింటేగా! పెళ్లి వీడియోవాడా, మన ఇంటికా, అని నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఆయనతో మద్రాసు రోజుల నుంచీ పనిచేస్తున్న కెమెరామన్ ఉన్నాడు, నన్ను వదినా అంటాడు, అతన్ని పిలిచారు. అతను వస్తూ వస్తూ వెలుతురు పడేలా రెండు తళతళల అట్టలు తెచ్చాడు. అప్పుడు మా ఆయన ఎడిట్ చేస్తున్న సినిమా దర్శకుడు ఎవరూ పిలవకుండానే వచ్చాడు. అంతకుముందే మూడు రోజులు వృథా. ఎందుకంటే మంగళవారం వద్దు, బుధవారం వర్జ్యం, గురువారం కెమెరామన్ ఖాళీగా లేడు, శుక్రవారం పొద్దున బాగుంది. కుంటికాలి వీడియోకి ముహూర్తం ఏమిటండీ అంటే, ఏ పనైనా మొదలే కదా అన్నారు. కెమెరాకి బొట్టుపెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తున్నాను. కేలెండర్లో మూడు గళ్లు పోయాయని నాకొక్కదానికే తెలుసు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే కళ్లుపోతాయి. క్యాసెట్టు విదేశం వెళుతోంది కదా అని నేను వెంకటగిరి చీర కట్టాను. కుచ్చిళ్లు నేలకి జీరాడేలా సర్దుకున్నాను. పాదాలు కనబడాలని ఉత్తరంలో రాసి ఉంది, మర్చిపోలేదు. కానీ ముగ్గురు మగవాళ్ల ముందు చీర పైకెత్తి నిలబడే పెంపకం కాదు మాది. వేళ్లు కనిపిస్తున్నాయిలే, చాలు అనుకున్నాను.

వరండాలోంచి తులసికోట దాకా నడవాలి. మొదటి టేకులో నాలుగడుగులు వేశానో లేదో బొటనవేలు నేలకి తన్నుకుని మోకాళ్ల మీద పడ్డాను. మా ఆయన కట్ అన్నారు. లేపి, దుమ్ము దులిపి, "ఇంకోసారి" అన్నారు. రెండోసారి గోడ పట్టుకున్నాను, ఎన్.జి. అన్నారు. ఎన్.జి. అంటే పనికిరానిదని వాళ్ల భాష. మూడోసారి కుచ్చిళ్లు కాళ్లకి అడ్డంపడుతున్నాయని విసుగొచ్చి, ఇల్లు కడిగేటప్పుడు దోపుకున్నట్టు చీర మోకాళ్ల దాకా ఎత్తి దోపుకున్నాను. పాదం ఎలా వాలిపోతోందో, నేలని ఎలా గీరుతోందో అంతా కనబడింది. ఆరడుగులు వేసి పక్కకి ఒరిగిపోయాను. కెమెరామన్ మొహం తిప్పుకున్నాడు. "ఎన్.జి. కుచ్చిళ్లు దించు," అన్నారు మా ఆయన. దర్శకుడు దగ్గరికొచ్చి, అమ్మా, మొహంలో కొంచెం ధైర్యం కావాలి అన్నాడు.

నాలుగు, ఐదు, ఆరు. ప్రతిసారీ పడ్డమో, పట్టుకోవడమో. ప్రతిసారీ ఇంకోసారి. ఎనిమిదోసారి తప్పు అనిపించుకునేసరికి నాలో టీచరు లేచింది. జీవితంలో ఎప్పుడూ లెక్క తప్పించుకుని కూర్చున్నదాన్ని కాదు. పళ్లు బిగించి, తొడ దగ్గర్నుంచి కాలుని విసిరి విసిరి వేస్తూ, లోపల నరాలు తెగుతున్నా సరే అనుకుని, తులసికోట దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, చిన్నగా నవ్వాను కూడా.

ఓకే అన్నారు మా ఆయన. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకూ సంతోషం వేసింది.

ఆ సాయంత్రం క్యాసెట్టు టీవీలో వేశారు. అందులో తొమ్మిదో టేకు మాత్రమే ఉంది, దాన్లోనే కెమెరామన్ నా చుట్టూ తిరుగుతూ ముందునుంచీ వెనకనుంచీ పక్కనుంచీ తీసిన ముక్కలు కలిపి అతుకు తెలియకుండా చేశారు. పైగా వెనక వయొలిన్! మూగగా ఉంటే బాగోదట. నేను ఆ వయొలిన్ గురించి గంట సేపు తిట్టాను. అసలు సంగతి నాకు తట్టనేలేదు. తట్టింది ఒక్క మనిషికే. రహమత్ నగర్ నుంచి వచ్చి మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి. నాకంటే పదేళ్లు పెద్దది, ఆరు నెలలుగా నన్ను స్నానానికి తీసుకెళ్లి కూర్చోబెట్టేది ఆవిడే. చీపురు చేత్తో పట్టుకుని, నిలబడి చివరిదాకా చూసింది.

"గిండ్ల నువ్వు మంచిగనే నడుస్తున్నవ్ గదమ్మా. గిది జూసి ఆ డాక్టర్ నిన్ను ఎందుకు రమ్మంటడు?"

మా ఆయన నవ్వేసి, మంచి ముక్క పంపితేనే మన గురించి మంచి అభిప్రాయం కలుగుతుందని ఆవిడకి విడమరిచి చెప్పారు. ఆవిడ ఏందో నాయనా అని లోపలికి వెళ్లిపోయింది. నేనూ ఆయన మాటకి తలూపాను. ముప్ఫైమంది పిల్లలకి లెక్కలు నేర్పే నాకు ఆ పూట ఒకట్లూ పదులూ కూడా రాలేదు.

క్యాసెట్టు లండన్ వెళ్లే ఒకాయన చేతికిచ్చి పంపాం. తరవాత ఎదురుచూపులు. కేలెండర్లో ఒక్కో గడీ కొట్టేస్తూ ఏడో నెల దాటాను, ఎనిమిది దాటాను, తొమ్మిదీ దాటాను. ఫ్యాక్సు మా ఇంట్లో ఎక్కడుంది, ఒక నిర్మాతగారి ఆఫీసు నంబరిచ్చాం. పదో నెల మొదట్లో జవాబు వచ్చింది. నాకంటే ముందు జూబిలీ హిల్స్ అంతా చదివేసింది. ఆ ఆఫీసు మేనేజరు స్వయంగా మిఠాయి డబ్బాతో వచ్చాడు. కంగ్రాట్స్ అమ్మా, ఫారిన్ డాక్టరు బాగుందన్నాడు అని కాగితం చేతికిచ్చాడు.

చదివాను. పేషెంటు ఏ ఆధారమూ లేకుండా చక్కగా నడవడం సంతోషం కలిగించింది, ఈ దశలో ఇంకో ఆపరేషన్ అవసరం కనిపించడం లేదు, వ్యాయామం కొనసాగించండి. కింద ఇంకో ముక్క. వీడియో చాలా అందంగా తీశారట.

మేనేజరు ఉన్నంతసేపూ నవ్వుతూ కూర్చున్నాను. అతను మిఠాయి తిని వెళ్లాక, జీవితంలో మొదటిసారి మా ఆయన మీద చేతిలో ఉన్నది విసిరాను. మిఠాయి డబ్బా కాబట్టి బతికిపోయారు. లడ్లు హాలంతా దొర్లాయి. ఏరుకోవడానికి వంగలేను, అది ఇంకో మంట. మూడు నెలలండీ! ఏడాదిలో మిగిలిన ఆరింట్లో మూడు నెలలు, ఒక అందమైన క్యాసెట్టు కింద పోయాయి. నా జబ్బుని నా మొగుడే కత్తిరించి పారేశాడు, నేను చీర కట్టుకుని నిలబడి సాయం పట్టాను. ఇరుగుపొరుగు వచ్చి బాగయిందటగా అని అడుగుతుంటే ఎవరి పీక నొక్కాలో తెలియలేదు.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు పొద్దున ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, నేను పడ్డవన్నీ ఎందుకు తీసేశారని. ఆయనకి అలవాటు, పని, బుద్ధిలేకపోవడం, ఏదో ఒకటి చెబుతారనుకున్నాను.

"నువ్వు పడుతుంటే చూడలేకపోయాను," అన్నారు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ రోజూ ఇలాంటి మాట అనని మనిషి. ఆ మాట ఆ రోజే అని ఉంటే బాగుండేది కదా, శుక్రవారం పొద్దున మంచి ముహూర్తంలో.

అయితే ఎడిటర్లకి ఒక గుణం ఉంది, అదే మమ్మల్ని కాపాడింది. వాళ్లు ఏ ముక్కా పారెయ్యరు. సినిమా విడుదలై, వందరోజులు ఆడినా సరే, ఎన్.జి. ముక్కలు ఏదో సంచీలో, ఏదో అటకమీద ఉంటాయి. ఎప్పుడు ఏది పనికొస్తుందోనట. ఈ అలవాటు వల్ల మద్రాసు ఇంట్లో బీరువా నిండా చెత్తే అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. ఆ పూట ఆయన లేచి, అటక మీంచి షూటింగునాటి అసలు క్యాసెట్టు దించారు. ఎనిమిది టేకులూ అలాగే ఉన్నాయి.

రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎక్కించడం మొదలెట్టారు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈసారి నమ్మితే కదా. తెరమీద నేను పడబోతున్నప్పుడల్లా ఆయన వేలు దానంతటది ఆపే బటన్ మీదికి వెళ్లేది. ఉంచండి అనేదాన్ని. వేలు వెనక్కి తీసుకునేవారు. నేను పూర్తిగా కిందపడి, చేత్తో నేల తడుముకుని, లేచేదాకా అంతా రికార్డయ్యేది. మూడో టేకు దగ్గర, చీర ఎత్తి దోపుకున్నదాని దగ్గర, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎనిమిదీ అయ్యేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. వయొలిన్ లేదు. అంట్లావిడ గుమ్మంలోంచి చూసి, ఇది పంపుండ్రి, అని మాత్రం అంది.

ఉత్తరం ఈసారి నేనే రాశాను, నాకొచ్చిన బడి ఇంగ్లీషులో. అయ్యా, మీరు చూసింది తొమ్మిదింట్లో ఒకటి, మిగతా ఎనిమిదీ ఇవి, నా భర్త సినిమాల్లో పనిచేస్తారు, క్షమించండి అని. రెండు వారాల్లో ఫ్యాక్సు వచ్చింది. వెంటనే బయల్దేరమని ఒక్కటే వాక్యం. ఈసారి ఎవరూ మిఠాయి తేలేదు.

డబ్బు ఎలా తెచ్చామో, వీసా క్యూలో నేను ఎలా నిలబడ్డానో ఆ గోల వద్దు. ఎర్రసిరా గీతకి ఇంకా ముప్ఫైనాలుగు రోజులు ఉండగా లండన్ ఆసుపత్రిలో ఉన్నాను. ఆ డాక్టరు సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. ఆసుపత్రి వరండాలో నడవమన్నాడు. ఆసుపత్రి గౌనులో, మోకాళ్ల కింద ఏ అడ్డమూ లేకుండా, ఐదడుగులు వేసి గోడకి గుద్దుకున్నాను. చాలన్నాడు. ఒక్కసారి చాలన్న మనిషిని చూస్తే దండం పెట్టాలనిపించింది. లోపల డిస్కు ముక్క ఒకటి మిగిలి ఉందట, దాని చుట్టూ పాత ఆపరేషన్ గాయం మానిన కండ బిగుసుకుపోయిందట. రెండూ తీసేస్తానన్నాడు. పాదం ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు. ముందే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నాడు, తప్పుపడుతున్నట్టు కాదు, ఉన్నమాటగా. మా ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ వాక్యం మాత్రం అర్థమైనట్టుంది, తల దించుకున్నారు.

ఆ పోయిన మూడు నెలలు నా పాదంలో ఇప్పటికీ ఉన్నాయి. మంట పోయింది. నడుస్తాను, బడికి వెళ్లాను, బోర్డు ముందు నిలబడి రిటైరయ్యేదాకా పాఠం చెప్పాను. కానీ మా ఇంటి వాలు దిగాలంటే గోడ పట్టుకోవాలి, పొద్దుపోతే పాదం కొంచెం ఈడుస్తుంది. సగం వచ్చింది, సగం రాలేదు. ఆ సగం గుర్తొచ్చినప్పుడల్లా ఆయన్ని నాలుగు తిడతాను, ఆయన కిక్కురుమనకుండా పడతారు.

ఆపరేషనైన నాలుగో రోజు పొద్దున డాక్టరు వచ్చి బొటనవేలు పైకెత్తమన్నాడు. ఎంత తంటాలు పడ్డా కదల్లేదు. తొందరేం లేదు, ప్రయత్నిస్తూ ఉండమని చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నారు, మంచం వైపు చూడరు. నేను ఆ వేలివంకే చూస్తూ, పళ్లు బిగించి, నాకు తెలిసిన దేవుళ్లందర్నీ తిట్టుకుంటూ ఎత్తాను. కదిలింది. బియ్యపుగింజంత లేచి, పడిపోయింది.

"ఏమండీ, ఇటు చూడండి," అన్నాను.

తిరిగారు. అప్పటికే అది పడిపోయింది. కదలిక లేని పాదాన్ని చూశారు. తరవాత మంచం పక్కకి వచ్చి, వంగి, నా పాదానికి జానెడు దూరంలో మొహం పెట్టారు. ఈసారి కళ్లు తిప్పుకోలేదు.

"ఇంకోసారి," అన్నారు.

ఎత్తాను.